చపాతీ మానేశారు సరే, ఇంగువ మాటేమిటి?

ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలన్నీ సీలియాక్ వ్యాధి మీదే. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది కడుపులో పడ్డప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడి చిన్నపేగు లోపలి గోడనే దెబ్బతీయడం ఈ జబ్బు లక్షణం. దీన్ని పోగొట్టే మందు లేదు. గ్లూటెన్ మానడమే వైద్యం. జవాబులు రాసినవారు జీర్ణకోశ వైద్యులు, పోషకాహార నిపుణులు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఎత్తు పెరగడం లేదని పరీక్షలు చేయిస్తే సీలియాక్ అని తేలింది. అప్పుడు టీటీజీ (సీలియాక్‌ను పట్టే రక్తపరీక్ష) 180, ఐదు నెలల తర్వాత చూస్తే 150. మామూలుగా 20 లోపు ఉండాలట. మేం అన్నం తినేవాళ్లం. చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా, ఉప్మా అన్నీ మానేశాం. ఇంకా ఎక్కడి నుంచి వస్తోంది?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అంకె తగ్గుతోంది కాబట్టి దారి తప్పలేదు. మొదట్లో బాగా ఎక్కువున్న పిల్లలకు టీటీజీ మామూలు స్థాయికి దిగడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అయినా ఐదు నెలల్లో ఇంత కొద్దిగా తగ్గిందంటే వంటింట్లో వెతకాల్సిందే.

ముందు లెక్క చూడండి. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌ను చాలామంది పేగు తట్టుకుంటుంది. 50 మిల్లీగ్రాములు రోజూ పడితే మూడు నెలల్లో పేగు గోడ చెడినట్టు పరీక్షల్లో తేలింది. గోధుమ పిండిలో గ్లూటెన్ సుమారు పదో వంతు. అంటే 50 మిల్లీగ్రాములకు అర గ్రాము పిండి చాలు. చెంచాలో అయిదో వంతు కూడా ఉండదది. ఇక ఒక్క చపాతీలో రెండున్నర, మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. చపాతీ మానడం కష్టం కాదు, అది కంటికి కనిపిస్తుంది. తెలుగువాళ్ల ఇంట్లో మోసం చేసేది కనిపించని గోధుమ.

అందులో మొదటిది ఇంగువ. మనం కొనే పొడి ఇంగువ, ముద్ద ఇంగువ అసలు ఇంగువ కాదు. ఆ ఘాటు జిగురును తుమ్మ బంకతోనూ పిండితోనూ కలిపి తయారుచేస్తారు. ఆ పిండి చాలా రకాల్లో గోధుమపిండి లేదా మైదా, కొన్నింటిలో బియ్యప్పిండి. పావు చెంచా ఇంగువతో పోపు పెట్టిన చారును నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది తక్కువే కావచ్చు. కానీ మన భోజనంలో ఇంగువ చారుతో ఆగదు. పప్పు పోపు, సాంబారు, పులిహోర, మాగాయ, కందిపొడి, మినప అప్పడం అన్నిట్లోనూ ఉంటుంది. అన్నీ కలిస్తే రోజు హద్దు దాటిపోతుంది. డబ్బా వెనక పదార్థాల జాబితా చదవండి. బియ్యప్పిండితో చేసి, గ్లూటెన్ లేదని ముద్రించిన ఇంగువ దొరుకుతుంది. దొరికేదాకా వెల్లుల్లి పోపుతో సరిపెట్టండి. ఇంట్లో అందరికీ ఒకే ఇంగువ ఉండాలి. రెండు డబ్బాలు పెట్టుకుంటే ఏదో ఒకరోజు చెయ్యి తప్పుతుంది.

రెండోది పాలల్లో కలిపే పొడి. హార్లిక్స్, బోర్న్‌విటా లాంటి వాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది. బిస్కెట్లు మానిపించి, పాప చిక్కిపోయిందని ఇవి పట్టే తల్లులు చాలామంది. కార్న్‌ఫ్లేక్స్ పేరుకు మొక్కజొన్నే అయినా రుచికి మాల్ట్ కలుపుతారు. మన రాగి మాల్ట్ సంగతి వేరు. అక్కడ మాల్ట్ అంటే మొలకెత్తించిన రాగులే. ఇంట్లో చేస్తే నిశ్చింతగా ఇవ్వచ్చు. ప్యాకెట్‌దైతే గోధుమ, బార్లీ కలిపారేమో చూడండి. వేసవిలోనో, మూత్రంలో మంట అన్నప్పుడో పట్టే బార్లీ నీళ్లు అసలు వద్దు.

మూడోది బడి. పిల్లలు ఆడే రంగు ముద్దల్లో కొన్ని గోధుమపిండితో చేసినవే. ఆడాక సబ్బుతో చేతులు కడుక్కుంటే ఏం కాదు, నోట్లో పెట్టుకుంటేనే ఇబ్బంది. పుట్టినరోజు కేకుల సంగతి టీచరుకు ముందే చెప్పి, పాప కోసం ఒక చిన్న డబ్బాలో పల్లీ పట్టీలు బడిలోనే ఉంచండి. అందరూ తింటుంటే చేతులు కట్టుకుని కూర్చోమనడం తొమ్మిదేళ్ల పిల్లకు పెద్ద శిక్ష.

ఇంకొకటి. పాప తోబుట్టువులకూ మీ ఇద్దరికీ టీటీజీ పరీక్ష చేయించండి. ఏ బాధా లేకపోయినా సరే. రక్తసంబంధీకుల్లో ఇది సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది.

ప్రశ్న: గోధుమ మానేసి జొన్నపిండి, బియ్యప్పిండి మరలో పట్టిస్తున్నాం. మరలో గోధుమ కూడా పడతారు కదా, పరవాలేదా? పైగా జొన్నరొట్టె చేస్తే అంచులు పగిలి ముక్కలవుతోంది. మాది కోస్తా, అలవాటు లేదు.
— గృహిణి, ఏలూరు

జవాబు: పరవాలేదని చెప్పలేం. మర రాళ్ల మధ్య, గొట్టంలో, పిండి పడే సంచిలో ముందువాళ్ల గోధుమపిండి చిక్కుకుని ఉంటుంది. అది మీ పిండిలోకి వస్తుంది. పొద్దున్నే మొదటి వాయి పట్టించినా నిన్నటిది ఉంటుంది. మొదటి రెండు కిలోలు పక్కన తీసేస్తే తగ్గుతుందే గాని పోదు. శనగపిండి, కారం, సున్నిపిండి పట్టించినా ఇదే తంటా. ఇంటికి చిన్న పిండి మర కొనుక్కుని దాంట్లో గోధుమ ఎప్పుడూ వేయకపోవడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే మిక్సీ ఉంది. జొన్నలు కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పి, జల్లించి, మిగిలిన రవ్వను మళ్లీ తిప్పండి. అర కిలో ఇలా ఆడితే ముగ్గురికి రెండు మూడు రోజులకు వస్తుంది.

గింజలు కొనగానే చేటలో పోసి ఏరండి. జొన్న, కొర్ర, సామ, కందిపప్పుల్లో ఒకటీ అరా గోధుమ గింజలు కలిసి రావడం మామూలే. ఏరాక రెండు మూడు నీళ్లలో కడిగి, గోధుమలు ఆరబోయని గుడ్డ మీద ఆరబెట్టండి. జల్లెడ కొత్తది కొనండి. పాత జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న మైదాను ఎంత తోమినా వదిలించలేరు. చెక్క అప్పడాల పీట, కర్ర, చెక్క గరిటెలు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం కూడా పాపకో బాబుకో విడిగా ఉండాలి. స్టీలు, గాజు గిన్నెలు మామూలుగా సబ్బుతో తోమితే చాలు, వాటికి కొత్తవి కొని డబ్బు తగలెయ్యక్కర్లేదు.

ఇక రొట్టె. గోధుమ ముద్దను సాగదీసేది గ్లూటెన్ వల. జొన్నకు ఆ వల లేదు. దానికి బదులు మరిగే నీళ్లు పిండిని సగం ఉడికించి జిగురు చేస్తాయి. అందుకే గోరువెచ్చని నీళ్లు పనికిరావు. కప్పు జొన్నపిండికి ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు తెర్లుతుండగా మంట తగ్గించి పిండి ఒక్కసారే వేసి, గరిటె కాడతో కలిపి, దించి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. చెయ్యి ఓర్చుకునే వేడి ఉండగానే, తడిచేత్తో, అరచేతి మడమతో అయిదు నిమిషాలు గట్టిగా మర్దించాలి. చేతి కింద పగుళ్లు మాయమై నున్నగా వచ్చాక ఉండ చేసి, పొడి జొన్నపిండి చల్లి తట్టండి. ఇక్కడ అలవాటు కొద్దీ గోధుమపిండి చల్లితే పడ్డ పాటంతా వృథా. బాగా కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు రాయండి. ఆ తడి ఆరగానే తిప్పి కాల్చాలి.

అంచులు మాత్రమే పగిలితే మర్దన చాలలేదు. తడుతుండగానే ముక్కలైతే నీళ్లు మరగలేదు, లేదా పిండి పాతది. జొన్నపిండికి వారం, పది రోజులు దాటితే జిగి తగ్గుతుంది. లంచ్‌బాక్స్‌లోకి మెత్తగా ఉండాలంటే కప్పు పిండికి ఒక చెంచా ఇసబ్గోల్ కలిపి, రెండు మూడు చెంచాల నీళ్లు ఎక్కువ పోయండి. చల్లారినా విరగదు. తెలంగాణ ఇళ్లలో దీన్ని పదేళ్ల పిల్లలు కూడా తడతారని నిరాశపడకండి. పది రొట్టెలు పాడయ్యాక పదకొండోది నిలుస్తుంది.

ప్రశ్న: మా వారికి ఏళ్లుగా కడుపుబ్బరం, విరేచనాలు. ఫోన్‌లో చూసి రెండు నెలల క్రితం గోధుమ మానేశారు, బాగుంది. ఇప్పుడు డాక్టరు పరీక్ష చేయాలంటే మళ్లీ చపాతీ తినమంటున్నారు. ఎందుకీ హింస?
— విశాఖపట్నం

జవాబు: టీటీజీ పరీక్ష గ్లూటెన్‌ను కాదు, దాని మీద ఒళ్లు చేసే యుద్ధాన్ని పట్టుకుంటుంది. శత్రువు లేనప్పుడు యుద్ధం ఆగి, పరీక్ష మామూలుగా వస్తుంది. ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూసినా మానిపోతున్న గోడ కనిపించి డాక్టరు తేల్చలేకపోవచ్చు. అందుకే రోజుకు రెండు చపాతీల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు తినమంటారు. మరీ బాధగా ఉంటే రెండు వారాలకే పరీక్షించడం ఉంది గాని నమ్మకం తగ్గుతుంది.

అంతకు ముందు ఒక మెట్టు ఉంది. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్షకు గోధుమ తినక్కర్లేదు. రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే, చపాతీ హింసా అక్కర్లేదు. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు. మామూలు జనంలోనే వందకు ముప్పై, నలభై మందికి ఈ జన్యువులుంటాయి. టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ (టీటీజీ పరీక్ష వెతికే రకం యాంటీబాడీ) కూడా రాయించుకోండి. కొందరిలో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. అలాంటివారికి జబ్బు ఉన్నా టీటీజీ మామూలుగా వచ్చి మోసం చేస్తుంది.

ఎందుకింత పట్టుదల అంటే, ఇది సీలియాక్ అయితే జీవితాంతం చిటికెడు కూడా వద్దు. గోధుమ పడకపోవడం మాత్రమే అయితే అప్పుడప్పుడు ఒక పూరీ తిన్నా పేగు చెడదు. ఈ రెంటికీ మధ్య తేడా తెలియకుండా ముప్పై ఏళ్లు బతకడం కన్నా ఆరు వారాలు ఓర్చుకోవడం నయం.

ప్రశ్న: ఖప్లీ గోధుమ పాతకాలపుది, పొట్టకు మంచిది అంటున్నారు. పులియబెట్టిన బ్రెడ్డు, ఓట్స్ కూడా తినొచ్చంటారు. నిజమేనా?
— విజయవాడ

జవాబు: ఖప్లీ గోధుమే. పాతదైనా, సేంద్రియమైనా, ఊరి పొలంలో పండినా దాంట్లో గ్లూటెన్ ఉంది. పులిస్తే బ్రెడ్డులో కొంత తగ్గుతుందే గాని సీలియాక్ వారికి సరిపడేంత తగ్గదు. అమ్మేవాళ్లు ఎంత ఒట్టేసినా రెండూ వద్దు.

ఓట్స్ స్వతహాగా చాలామందికి పడతాయి. కానీ మామూలు ప్యాకెట్లు పొలంలో, ఫ్యాక్టరీలో గోధుమతో కలిసే వస్తాయి. గ్లూటెన్ లేదని ముద్రించినవి మాత్రమే, అదీ ఆహారం కుదుటపడి ఆరు నెలలు, ఏడాది అయ్యాక, డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం ఆ ముద్ర ఉన్న సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదు. అయినా రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, ఊద, అరిక పండే నేల మీద ఉంటూ ఓట్స్ కోసం ఆరాటం ఎందుకో మాకు అర్థం కాదు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా తిరుగుతుంటాను. హోటల్లో ఇడ్లీ, దోసె బియ్యం, మినపప్పే కదా, అయినా రెండుసార్లు కడుపు చెడింది. పెళ్లిళ్లకు వెళ్తే ఏం తినాలి?
— మెడికల్ రెప్రజెంటేటివ్, కర్నూలు

జవాబు: మీ ఇంట్లో దోసె బియ్యం, మినపప్పే. హోటల్ దోసెలో కరకరలాడడానికి మైదాయో బొంబాయి రవ్వో కలుపుతారు. కలపకపోయినా అదే పెనం మీద ఇంతకు ముందే రవ్వ దోసె పోసి ఉంటారు. ఇడ్లీలో కూడా కొన్నిచోట్ల బొంబాయి రవ్వ కలుస్తుంది. సాంబారులో ఇంగువ సరేసరి. గారెల పిండి జారితే మైదా పడుతుంది. మైసూర్ బజ్జీ అచ్చంగా మైదా, పునుగుల్లోనూ తరచూ అదే. మిర్చి బజ్జీ శనగపిండే కదా అంటారు, కానీ నూనె మూకుడు మైసూర్ బజ్జీది. ఒకే నూనెలో వేగితే మైదా తుంపులు అంటుకుంటాయి. వేడికి గ్లూటెన్ చావదు, అదేమీ సూక్ష్మజీవి కాదు. చైనీస్ బండి మీద ఫ్రైడ్ రైస్‌లో వేసే సోయా సాస్‌కు గోధుమ మూలం. హైదరాబాద్ వెళ్తే హలీం జోలికి పోకండి, అది గోధుమతోనే ఉడుకుతుంది.

హోటల్లో టిఫిన్ కన్నా భోజనం భద్రం. తెల్లన్నం, పెరుగు, నెయ్యి, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు. పోపు వేయని పప్పు విడిగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు. సంచిలో మరమరాలు, అటుకులు, వేయించిన పల్లీలు, ఇంట్లో చేసిన సున్నుండలు ఉంటే ఒక పూట గడుస్తుంది.

పెళ్లిళ్లలో వంటవాళ్లను ‘ఇంగువ వెయ్యొద్దు’ అంటే వినరు. దగ్గరివాళ్ల పెళ్లయితే బియ్యప్పిండి ఇంగువ డబ్బాలు ముందే కొని చేతికివ్వండి. వేయద్దనే కన్నా ఇది వేయమనడం తేలిక. దూరపు పెళ్లయితే పప్పు, కూర పోపుకు ముందే ఒక గిన్నెలో తీయించుకోండి. మిఠాయిల్లో పూతరేకులు బియ్యంవే. మైసూర్‌పాక్‌లో శనగపిండి, పంచదార, నెయ్యి తప్ప వేరే ఉండకూడదు, మిఠాయి కొట్టులో మాత్రం అడిగి తీసుకోండి. కాజా, జిలేబీ, గులాబ్‌జామూన్, బొబ్బట్లు వద్దు. ఉగాదికి బొబ్బట్టు లేదని బెంగ అక్కర్లేదు. అదే పూర్ణాన్ని బియ్యం, మినపప్పు తోపులో ముంచి వేయిస్తే బూరెలు.

ప్రశ్న: బాబుకు గోధుమ మానిపించాం. అయినా పాలు తాగితే విరేచనాలు. ఏడాదిగా ఐరన్ మందు వాడినా రక్తం పెరగలేదు.
— నిజామాబాద్

జవాబు: రెండింటికీ కారణం ఒకటే. చిన్నపేగు లోపలి గోడ మఖమలు నూగులా ఉంటుంది. ఆ నూగు కొనల మీదే పాలలోని చక్కెరను అరిగించే రసం తయారవుతుంది. గ్లూటెన్ ఆ నూగును చెక్కేసింది. నూగు మళ్లీ మొలిచేదాకా, అంటే కొన్ని నెలలపాటు, పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ ఇవ్వండి. పులిసినందువల్ల వాటిలో ఆ చక్కెర తక్కువ. కాల్షియంకు రాగులు, నువ్వులు. పాలను జీవితాంతం మానిపించకండి.

ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్ ముందు కొట్టేదీ అక్కడే. అందుకే ఏడాది మందు వాడినా పని చేయలేదు. ఇప్పుడు గోధుమ మానాక అదే మందు పట్టడం మొదలవుతుంది. నిమ్మరసంతో ఇవ్వండి, పాలతోనూ టీతోనూ వద్దు. కాల్షియం మాత్ర ఉంటే రెండు గంటల ఎడం ఉంచండి. ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, థైరాయిడ్ ఒకసారి చూపించండి. ఐరన్‌కు లొంగని రక్తహీనత ఉంటే సీలియాక్‌ను అనుమానించాలన్న ఆలోచన మన వైపు ఆలస్యంగా వస్తుంది. 2016లో వెలువడిన అధ్యయనంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో సుమారు వందకు ఒకరిలో, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలో కనిపించాయి. మనకు ఆ జన్యువులు లేక కాదు, గోధుమ తక్కువ తిన్నాం. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ అయింది.

ప్రశ్న: సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ నూకతో కదా. కాదనలేం. చర్చిలో రొట్టె సంగతీ చెప్పండి.
— రాజమహేంద్రవరం

జవాబు: ఇంట్లో వ్రతమైతే బియ్యపు నూకతో ప్రసాదం చేసుకోండి, నెయ్యి, బెల్లం పాళ్లు అవే. అన్నవరం ప్రసాదం గోధుమ నూకదే కాబట్టి కళ్లకద్దుకుని పక్కవారికివ్వండి. ‘ప్రసాదం కీడు చేయదు’ అనే పెద్దత్తయ్యకు రిపోర్టు చూపించడం కన్నా, డాక్టరు దగ్గరికి ఒకసారి వెంట తీసుకెళ్లడం పనిచేస్తుంది.

కథోలిక దేవాలయంలో రొట్టె గోధుమదే అయి తీరాలి. అయితే గ్లూటెన్ చాలా తగ్గించిన రొట్టెను వాటికన్ అనుమతించింది, ద్రాక్షారసం మాత్రమే తీసుకున్నా చెల్లుతుంది. మీ ఫాదర్‌తో మాట్లాడండి. మిగతా సంఘాల్లో బియ్యపు రొట్టె వాడవచ్చేమో పాస్టరును అడగండి. ద్రాక్షారసంలో రొట్టె ముంచే పద్ధతి ఉన్నచోట మీ గిన్నె విడిగా ఉండాలి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడి ప్యాకెట్ల మీద గోధుమ లేదని ఉంటే చాలా?

జవాబు: చాలదు. అమెరికా అలర్జీ చట్టం గోధుమను విడిగా చూపించమంటుంది, బార్లీ, రైలను చూపించమనదు. మన దేశంలో ప్యాకెట్ మీద బార్లీ కూడా చెప్పాలి. అక్కడ మీరే ‘మాల్ట్’ అన్న మాట కోసం వెతకాలి. గ్లూటెన్ లేదని ముద్ర ఉంటే 2013లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములే. అమ్మ సూట్‌కేసులో తెచ్చే పొడులు, పచ్చళ్లు, వడియాలకు ఏ ముద్రా ఉండదు. ఆవిడ బయలుదేరే ముందే ఇంగువ మార్పించండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై నాలుగు. రెండేళ్లుగా పథ్యం చేస్తోంది, టీటీజీ మామూలుకొచ్చింది. సంబంధాలు చూస్తున్నాం. పిల్లలు పుడతారా? అవతలివాళ్లకు చెప్పాలా?
— తల్లి, నెల్లూరు

జవాబు: పథ్యం సరిగ్గా ఉన్న స్త్రీలకు సంతానం విషయంలో మిగతావారికీ తేడా ఉండదు. జబ్బు తెలియక, గోధుమ తింటూ ఉన్నప్పుడే గర్భం నిలవకపోవడం, గర్భస్రావాలు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువ. పెళ్లికి ముందు టీటీజీ, ఫెరిటిన్, విటమిన్ డి చూపించి, గర్భం అనుకున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ముందుగానే మొదలుపెట్టండి. పుట్టే బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం పదిలో ఒక వంతు. అన్నప్రాసన మామూలుగా చేయండి. గోధుమ ఎప్పుడు మొదలుపెట్టాలో, టీటీజీ ఎప్పుడు చూడాలో పిల్లల డాక్టరు చెబుతారు.

చెప్పాలా అంటే, చెప్పాలి. దాచి పంపితే అత్తవారింట్లో మొదటి వారమే బొబ్బట్టు పెడతారు, కొత్తకోడలు కాదనలేక తింటుంది. అలా పొరపాటున తిన్నాక విరుగుడు ఏదీ లేదు. అరుగుదల మాత్రలు గ్లూటెన్‌ను అడ్డుకోవు. నీళ్లు బాగా తాగి, రెండు రోజులు తేలిగ్గా తిని, మళ్లీ పథ్యంలోకి వెళ్లడమే. నిశ్చయ తాంబూలాలకు ముందే అత్తగారి వంటింట్లో ఏం మారాలో ఒక కాగితం మీద రాసివ్వండి: ఇంగువ, జల్లెడ, అప్పడాల కర్ర, పిండి మర. మొత్తం నాలుగు వస్తువులు.